కోడి నాది, ఉప్పు ఆమెది

ఒత్తులు తప్పితే క్షమించండి. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని. ఒక్క వాక్యం రాసేలోపు చాయ్ చల్లారిపోతుంది. నేను నిదానంగా చెబుతాను, మీరూ నిదానంగా చదవండి.

శంకరమ్మ నా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. బోధన్‌లో మా ఇళ్ల మధ్య ఒకటే గోడ. పోయిన కోత పండుగనాడు మా యేసయ్య గుడి భోజనాల్లో అందరి ముందు అన్నది: "పాపం మా అన్న! సచ్చేదాక మా వదినె సప్పటి కూరనే తిన్నడు."

అందరూ నవ్వారు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ రోజు నుంచి ఆమెతో మాటలు బంద్. మాటలు పోతే పోయాయి, ప్రభువు బల్ల దగ్గరికి కూడా పోలేకపోయాను. పగ పెట్టుకొని ఆ రొట్టె ముట్టకూడదని మా గుడి అయ్యగారు గట్టిగా చెబుతారు. నాకు రొట్టె కావాలి. పగ కూడా కావాలి.

అందుకే మెదక్ గుడికి బయలుదేరాను. అంత పెద్ద గుడిలో అడిగితే ప్రభువు శంకరమ్మ మెడ వంచకపోతాడా అని నా ఆశ. తీరా భోజన్న ఆటో వచ్చాక చూస్తే వెనక సీట్లో శంకరమ్మ!

"భోజన్నా, గీమెనెందుకు ఎక్కించినవ్?"

"నువ్వు మెదక్ అన్నవ్, ఆమె సుత మెదక్ అన్నది. ఏటేటా ఇద్దరినీ ఒక్క ఆటోల్నే గదా అవ్వా తోలుకపోయేది?"

మా ఇద్దరి మధ్య కాళ్లు కట్టిన నా కోడి కూర్చున్నది. బాన్సువాడ దాటాక అది శంకరమ్మ చీర మీద రెట్ట వేసింది.

"కోడికి సుత తెలివున్నది," అన్నాను, నా వైపు చెరుకు తోటతో.

"పెంచినోళ్ల బుద్ధే వస్తది," అన్నది ఆమె, తన వైపు తోటతో.

మెదక్‌లో దిగగానే లోపలికి పోయి మోకరించాను. 'ప్రభువా, ముందు ఆమెతోనే మాట్లాడించు. పెద్ద మాటలేం వద్దు, వదినె అంటే చాలు.' స్తంభం అవతల శంకరమ్మ కూడా కళ్లు మూసుకొని పెదవులు కదుపుతున్నది.

బయట చెట్టు కింద వంటకని మూట విప్పాను. గిన్నె ఉంది, బియ్యం ఉన్నాయి, కోడి ఉంది. ఉప్పు లేదు. కారం, నూనె, అగ్గిపెట్టె ఏవీ లేవు. ఎన్నో ఏళ్లుగా బరువు పంచుకొని వచ్చేవాళ్లం. గిన్నె, బియ్యం, కోడి నా వంతు. మిగతావి ఆమె వంతు. కొట్లాట సంగతి నా చేతులకు తెలియదు కాబోలు, అలవాటు ప్రకారం నా సగమే మూట కట్టాయి. పక్క చెట్టు కింద శంకరమ్మ ఉప్పు, కారం, నూనె ముందు పెట్టుకొని దిక్కులు చూస్తున్నది.

"నేను హోటల్‌కు పోతున్న," అన్నాడు భోజన్న.

"కూసో!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఇక తప్పక కోడిని ఒళ్లోకి తీసుకున్నాను. "ఏమే, నిన్ను సప్పగ వండితే నీ పానం ఊకెనే పోయినట్టే గదనే?"

శంకరమ్మ ఉప్పు పొట్లం చేతిలోకి తీసుకొని దానితో అన్నది: "పోతవా మరి? ఆ ఇంట్ల నిన్నెవ్వలు గుర్తువట్టరు సూడు."

నవ్వు ఆపుకున్నాను. ఆగలేదు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

"వదినె, అన్నకు బీపీ అని నువ్వు ఉప్పు తక్కువేసేటిదానివని నాకెరుకే. ఆయన లేని పంక్తిల కూసుంటే నా నోరు ఊకోలే."

"లోపల ఏమడిగినవే?"

"ముందు నువ్వే మాట్లాడాలె అని."

"నేను గదే అడిగిన!"

మా ఇద్దరి ప్రార్థనలూ పక్కన పెట్టి, ప్రభువు కోడితో పని కానిచ్చాడు. ఎవరు ముందు మాట్లాడారో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు ఆదివారం ఆ మెదక్ గుడిలోనే ఇద్దరం పక్కపక్కనే బల్ల ముందు మోకరించాం. ప్రభువు ఇంత దగ్గర ఉంటాడని నాకు అంతకుముందు ఎన్నడూ అనిపించలేదు. రొట్టె నోట్లో పెట్టుకోగానే శంకరమ్మ నా చెవిలో అన్నది: "సప్పగున్నదా వదినె?"

నవ్వు బిగబట్టేసరికి భుజాలు వణికాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. అక్కడి అయ్యగారు అది భక్తి అనుకొని నా తల మీద చెయ్యి పెట్టారు.

భక్తే అది. అయ్యగారు అనుకున్నది తప్పేం కాదు.

హన్మవ్వ, బాప్తిస్మం పేరు మార్తమ్మ
అరవై ఏడు ఏళ్లు
శక్కర్‌నగర్, బోధన్