ఏనుగుల ముందు మూగబోయిన చేతి మైకు

నేను ఒక చేతి మైకును. ఎర్ర బాకా, తెల్ల పిడి, పిడి మీద రెండు మీటలు. పై మీట నొక్కితే మనిషి గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. కింది మీట నొక్కితే సైరన్ కూస్తుంది. నాకంటూ సొంత మాట ఒక్కటీ లేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నేను పడిన భయమంతా అందులోంచే పుట్టింది.

ఫ్యాక్టరీలో నన్ను అచ్చు పోసి, లోపల రాగితీగ చుట్టి, "హలో, హలో" అని పరీక్షించి అట్టపెట్టెలో పెట్టారు. మొదట కొన్నది వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి. ఇంటింటికీ కుళాయి ఇస్తానని నాలోంచి గట్టిగా చెప్పాడు. ఓడిపోయాక నన్ను మంచం కిందికి తోసేశాడు, తప్పంతా నాదే అన్నట్టు. తర్వాత ఉల్లిపాయల బండాయన చేతికి వచ్చాను. ఆయన ఉల్లిపాయలు అన్నాడంటే బండిలో ఉల్లిపాయలే ఉండేవి. అలాంటి యజమాని మళ్లీ మళ్లీ దొరకడు. ఆయన పెద్ద స్పీకరు కొనుక్కుని, నన్ను బాపట్ల దగ్గర తాను వెళ్లే చర్చికి కానుకగా ఇచ్చేశాడు.

ఆ చర్చి పాస్టరు ఏసుపాదంగారు. దేవుడిచ్చిన గొంతే పెద్దది, అయినా నేను లేకుండా నలుగురి మధ్య కూడా ప్రసంగించేవారు కాదు. ఆయనకు మెల్లగా ప్రార్థన చేయడం కూడా రాదు. కళ్లు మూసుకుంటే గొంతు దానంతటదే లేచేది. భార్య రూతమ్మగారు వంటింట్లోంచి, "దేవుడికి చెవుడేం లేదండీ" అనేవారు. ఆయన నవ్వి ఇంకాస్త గట్టిగా అందుకునేవారు.

అలాంటి ఆయనతో నేను ఆఫ్రికాలోని జాంబియా వెళ్లాను. ఆయన, రూతమ్మగారు, ఆవిడ తమ్ముడు సుందర్రావు, కంటి పరీక్షలు చేసే ఇద్దరు చర్చి సహోదరులు, ఇదీ జట్టు. పగలు పల్లెల్లో కళ్లజోళ్లు పంచేవారు, సాయంత్రం బైబిలు వాక్యం చెప్పేవారు. పని ముగిశాక విమానం ఎక్కేలోపు ఒక రోజు మిగిలింది. ఆ రోజు విశ్రాంతి తీసుకుందామన్నారు పాస్టరుగారు.

"ఇంత దూరమొచ్చి ఏనుగును చూడకుండా పోతే ఊళ్లో ఏం మొహం పెట్టుకుంటాం బావగారూ?" అన్నాడు సుందర్రావు.

వ్యాను అడవిలోకి బయల్దేరింది. డ్రైవరు చాందా అక్కడి చర్చి మనిషే, మనవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. ఏనుగులు ఎక్కడుంటాయని సుందర్రావు అడిగితే నిజాయితీగా చెప్పాడు. "నేను పట్నంలో పుట్టాను సార్. నేనూ మీలాగే చూడ్డానికి వచ్చాను."

బండి దిగకూడదని అడవి గేటు దగ్గరే చెప్పి పంపారు. కానీ రూతమ్మగారు తెల్లవారుజామున టీ తాగి ఎక్కారు. జట్టులో ఆడమనిషి ఆవిడొక్కరే. ఇంతమంది మగవాళ్ల ముందు ఎలా చెప్పాలో తెలియక మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, చివరికి తమ్ముడి చెవిలో చెప్పారు. చాందా బండి ఆపి చుట్టూ చూశాడు. రోడ్డు పక్కన మనిషికంటే ఎత్తయిన ఒక చెదల పుట్ట ఉంది. దాని చాటుకు వెళ్లి వెంటనే వచ్చేయమన్నాడు.

ఆవిడ దిగగానే మగవాళ్లంతా మర్యాదగా మొహాలు రెండో వైపుకు తిప్పుకున్నారు.

"నువ్వు కూడా అటు తిరుగు బ్రదర్," అని చాందాకు చెప్పారు పాస్టరుగారు. పాపం, అతనూ తిరిగాడు.

"ఎలాగూ చూడకూడదు గదా, భోజనం ప్రార్థన కానిచ్చేద్దాం బావగారూ. పులిహోర పాడైపోతుంది," అన్నాడు సుందర్రావు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను కిటికీ దగ్గర సీటు మీద, పుట్ట వైపు మొహం పెట్టి ఉన్నాను. ఆ వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే.

చెట్ల మధ్య నీడ కదిలింది. తర్వాత ఆ నీడకు చెవులు వచ్చాయి. అంత పెద్ద ప్రాణి అంత చప్పుడు లేకుండా నడుస్తుందని నాకు తెలియదు. ఒకటి, దాని వెనక ఇంకొకటి, వాటి కాళ్ల మధ్య ఒక పిల్ల. అవి నేరుగా వచ్చి వ్యానుకూ పుట్టకూ మధ్య నిలబడ్డాయి. పుట్ట అవతల రూతమ్మగారికి ఏమీ తెలియదు. ఇవతల బిగించిన అద్దాల లోపల పాస్టరుగారు అన్నదాతలను దీవిస్తున్నారు. ఊరంతా వినపడేలా అరవగలిగే నేను చిన్న మాట కూడా అనలేక సీటు మీద పడి ఉన్నాను.

ఆయన ఆమెన్ అని కళ్లు తెరిచి ఇటు తిరిగారు. ఏనుగులను చూశారు. చెయ్యి అలవాటుగా నా మీద పడింది, బొటనవేలు మీటల మీదికి వచ్చింది.

ఆ వేలు ఏ మీట మీద పడుతుందో నాకు తెలియదు. పై మీట నొక్కితే "రూతూ" అని అరుస్తాను. కింది మీట నొక్కితే సైరన్ వేస్తాను. ఏది జరిగినా పిల్ల పక్కనున్న ఆ తల్లి బెదురుతుంది. బెదిరితే పుట్ట వైపు పరిగెత్తుతుంది. నా నోటితోనే ఆవిడ ప్రాణం పోతుందని నాకు అర్థమైంది.

చాందా ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు పాస్టర్. నాకు కూడా ఏం చెయ్యాలో తెలియదు. కానీ చప్పుడు మాత్రం వద్దు."

"అక్క బయటికొస్తాంది బావా," అన్నాడు సుందర్రావు, గుసగుసగా.

రూతమ్మగారు చీర సర్దుకుంటూ పుట్ట పక్కనుంచి వచ్చి, ఏనుగును చూసి అలాగే నిలబడిపోయారు. పెద్ద ఏనుగు చెవులు విప్పి తొండం ఎత్తింది. ఆవిడ చూపు ఏనుగు మీదినుంచి వ్యాను కిటికీకి వచ్చింది, మొగుడి మొహం వెతుక్కుంటూ.

ఏసుపాదంగారు నన్ను ఒళ్లో పెట్టుకుని బాకాకు అరచేయి అడ్డం పెట్టారు. ఆ చెమట నాకు లోపలిదాకా తగిలింది. రెండో చెయ్యి కిటికీలోకి ఎత్తి, మెల్లగా కిందికి దించారు. వెనక్కి వెళ్లు, కూర్చో అని సైగ. ఆవిడ ఒక్కో అడుగే వెనక్కి వేసి పుట్ట చాటున కూర్చున్నారు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఏనుగు వచ్చి వ్యాను అద్దాన్ని తొండంతో తడిమింది. దాని ఊపిరికి అద్దం మసకబారింది. పాస్టరుగారి పెదవులు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. పిల్ల నేలమీది మట్టి ఒంటిమీద చల్లుకుని ఆడింది. దాని ఆట ముగిసేదాకా మా అందరి ప్రాణాలూ ఆగాయి. చివరికి పిల్ల ఎటు నడిస్తే పెద్దవీ అటే నడిచాయి.

చాందా బండిని పుట్ట దాకా తీసుకెళ్లాడు. రూతమ్మగారు ఎక్కి కూర్చున్నారు.

"నీళ్లియ్యరా," అన్నారు తమ్ముడితో. తాగాక భర్త వైపు తిరిగారు. "చూడండీ, నేను ఎందుకు దిగానో మటుకు ఊళ్లో చెప్పమాకండి."

ఆయన తల ఊపారు.

ఊరు చేరాక వచ్చిన ఆదివారం సుందర్రావు ఆరాధనకు ముందే అందరికీ చెప్పేశాడు. అతని లెక్కలో ఏనుగులు మందైపోయాయి, బావగారు గద్దిస్తే పారిపోయాయి. చర్చి కిక్కిరిసింది. పాస్టరుగారు దేవుడు కాపాడిన సంగతి సాక్ష్యంగా చెప్పడానికి లేచి నన్ను అందుకున్నారు. బొటనవేలు మీట మీదికి వచ్చింది. ఇప్పుడు అడవీ లేదు, ఏనుగూ లేదు. అయినా నాలో తీగంతా బిగుసుకుపోయింది.

ఆయన నన్ను బల్ల మీద పెట్టేశారు. నేను లేకుండానే ఏదో అనడం మొదలుపెట్టారు.

"వినపడతాలేదు పాస్టరుగారూ," అన్నారు వెనకనుంచి.

"దగ్గరికి రండి," అన్నారాయన.

చాపలు లాక్కుంటూ జనం ముందుకు జరిగారు. ఆడవాళ్ల వైపు రూతమ్మగారు కొంగు బిగించుకుని మొగుడినే చూస్తున్నారు. ఆయన మొత్తం చెప్పారో, ఆవిడకిచ్చిన మాట నిలబెట్టారో నాకు తెలియదు. జనం వీపులు నాకు అడ్డమయ్యాయి. ఆయన గొంతు వాళ్లను దాటి బల్ల దాకా రాలేదు.