తొంభై నాలుగు తాళంచెవులు

లూర్దుపేటలో మామిడి కోతలు మొదలయ్యాయంటే సవరమ్మ టీచర్ ఇంటి ముందుగది గోడ నిండిపోయేది. గోడ పొడవునా వరుసలుగా మేకులు. మేకు మేకుకూ ఒక తాళంచెవి. ఈస్టరు పండుగ దాటిన వారంలోనే పేటలోని కుటుంబాలు పిల్లాపాపలతో, వంటగిన్నెలతో, చాపచుట్టలతో చుట్టుపక్కల తోటల్లోకి తరలిపోయేవి. గెడకు కట్టిన చిక్కంతో కాయ దించేవారు, దించిన కాయను ఏరేవారు, ట్రేలలో గడ్డి పరిచి సర్దేవారు, కోతుల నుంచీ దొంగల నుంచీ పంటను కాచేవారు, అందరికీ రెండు నెలలపాటు తోటలోని పాకే ఇల్లు. ఆకుల మధ్య జారిపడిన తాళంచెవి మళ్లీ దొరకదు గనుక, బయలుదేరేముందు ఇంటికి తాళం వేసి చెవిని టీచర్ చేతిలో పెట్టడం ముప్పయి ఏళ్లుగా పేట అలవాటు. ఏ చెవికీ చీటీ లేదు, అంకె లేదు. ఎవరి చెవిని వారు గుర్తుపట్టేవారు. అందరి చెవులనూ ఆవిడ గుర్తుపట్టేది.

డెబ్బయ్యారేళ్ల సవరమ్మ కాన్వెంటులో చదువుకుని, అక్కడి క్రమశిక్షణతోనే మూడున్నర దశాబ్దాలు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. అడిగిన ప్రశ్నకు పూర్తి నిజం చెప్పాలి, అడగని ప్రశ్న జోలికి పోకూడదు అన్నది చిన్నప్పుడు కాన్వెంటు మదర్ నేర్పిన నియమం. ఆ నియమాన్ని ఆవిడ ఏనాడూ తప్పలేదు. పేటకు వచ్చిన కష్టమంతా అక్కడే మొదలైంది.

నిరుడు మే నెలలో సర్వేయరు సుభాష్ మోటారుసైకిలు మీద వచ్చాడు. పేటలో అలికిడి లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, కాగితాలు తీశాడు.

"మొత్తం ఇళ్లెన్నండీ?"

"నూట రెండు."

"తాళం వేసినవి?"

"తొంభై నాలుగు."

"ఇవాళ్టి రోజున ఇక్కడ ఉంటున్నది ఎంతమంది?"

సవరమ్మ వేళ్ల మీద లెక్కవేసింది. ఉన్నవి ఎనిమిది ఇళ్లు, ఇద్దరు బాలింతలు తప్ప అందరూ ముసలివాళ్లే. "పంతొమ్మిది" అని చెప్పి, అతను చూపించిన చోట గుండ్రని అక్షరాలతో సంతకం పెట్టింది. అతని వీపు వెనకనే, తెరిచిన తలుపు లోపల, తొంభై నాలుగు తాళంచెవులు వేలాడుతున్నాయి. వాటి సంగతి అతను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో, నూజివీడు చుట్టుపక్కల గ్రామాలను కలుపుకుని తయారైన మాస్టర్ ప్లాన్ ముసాయిదాను జనం చూడటానికి మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించారని తెలిసి, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి పాల్ రాజును వెంటబెట్టుకుని సవరమ్మ వెళ్లింది. పెద్ద పటం. ఇళ్లకు పసుపు, తోటలకు ఆకుపచ్చ, గిడ్డంగులకూ లారీల యార్డులకూ ఊదా. మైలవరం రోడ్డు నుంచి వేలు జరుపుకుంటూ వచ్చిన పాల్ రాజు ఒకచోట ఆగిపోయాడు.

"టీచర్ గారూ, మన గుడి ఉండాల్సింది ఇక్కడేనండీ. అంతా వంకాయ రంగేసేశారేంటి?"

ప్లానింగ్ అధికారి శకుంతల నలభై దాటిన మనిషి, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించి, జనాభా పట్టిక తెరిచి చూపించింది. లూర్దుపేట ఎదురుగా రెండే అంకెలు: ఖాళీ కట్టడాలు తొంభై నాలుగు, జనాభా పంతొమ్మిది.

"నూరుమంది కంటే తక్కువుంటే మా లెక్కలో అది జనావాసం కాదండీ. పక్క జోన్‌లో కలిసిపోతుంది."

"కలిసిపోతే?"

"కొత్త ఇంటికి అనుమతి రాదు. పాత ఇల్లు పడిపోతే మళ్లీ కట్టుకోవడానికి వీలుండదు. కుళాయి, రోడ్డు, కరెంటు లైను ఏవీ శాంక్షన్ కావు. రేపు స్థలం సేకరించాల్సి వస్తే ఖాళీ కట్టడాల కింద..." ఆమె మాట మధ్యలో ఆపేసింది.

"అక్కడ నాలుగు వందలమంది బతుకుతున్నారు. ఇది అబద్ధపు లెక్క."

శకుంతల ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాని అడుగున గుండ్రని అక్షరాలు. సవరమ్మ తన సంతకాన్ని గుర్తుపట్టింది. పరీక్ష పేపర్లలో ఎందరి తప్పులకో ఎర్ర సిరా గీసిన చెయ్యి, బల్ల అంచును పట్టుకుంది.

అభ్యంతరం రాసిచ్చారు. తనిఖీకి వస్తామని, తేదీ తెలియజేస్తామని జవాబు వచ్చింది. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. ఈలోగా పేట మొదట్లో ఎవరో నాలుగు రాళ్లు పాతి వాటికి తెల్లరంగు పూశారు. మొదలుపెట్టిన కుళాయి కాలువను సగంలో వదిలేశారు. తూర్పున అరవై ఎకరాల తోట ఉన్న వెంకటకృష్ణారావు గారు ఈ ఏడు దుక్కి దున్నించలేదు, పూతకు మందు కొట్టించలేదు. చెట్లు నరికించి నేలను గిడ్డంగులకు ఇవ్వాలనుకున్న రైతే అలా వదిలేస్తాడని పేటలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు. మలుపు దగ్గర ఒక తెల్లకారు వారానికి రెండుసార్లు వచ్చి ఆగేది. అందులోంచి ఎవరూ దిగేవారు కాదు.

తేదీ తెలిసింది మే నెల రెండో మంగళవారం నాడు. తనిఖీ గురువారం. సవరమ్మ చేతికర్ర పట్టుకుని ఎండలో తోట తోటకూ తిరిగింది. గురువారం తొమ్మిదింటికల్లా అందరూ ఎవరింటి ముందు వారు ఉండాలని చెప్పింది. అందరూ సరేనన్నారు. అందరికంటే గట్టిగా సరేనన్నది పక్కింటి రేచల్.

"పూట కూలి పోతే పోయింది టీచరమ్మా. ఇల్లే పోతే ఏం చేసుకుంటాం?"

గురువారం తొమ్మిది దాటింది. వీధిలో నరమానవుడు లేడు. పాల్ రాజు రొప్పుకుంటూ వచ్చాడు.

"రావు గారు రెట్టింపు కూలంటండీ! వేరే తోటల వాళ్లని కూడా ట్రాక్టర్లెక్కించి పట్టుకెళ్లారు. ఇవాళే కొయ్యాలంట, ఇవాళ కొయ్యకపోతే వచ్చే ఏడు పనిలోకి పిలవరంట."

"ఆయన తోటలో కాయ ఎక్కడుంది?"

"ఉన్న నాలుగు కాయలకీ టెంక కూడా ముదరలేదండీ. పిందెలు కోయిస్తున్నాడు."

అప్పుడే తెల్లకారు వచ్చి అరుగు ముందు ఆగింది. మొదటిసారి దాని తలుపు తెరుచుకుంది. దిగినవాడు వెంకటకృష్ణారావు. చేతులు జోడించాడు.

"బావున్నారా టీచర్ గారూ? ఎండన పడి తోటలన్నీ తిరిగారంట. ఈ వయసులో ఎందుకండీ మీకు?"

"నా సంతకం చేసిన తప్పును నేనే దిద్దుకోవాలి రావు గారూ."

"తప్పేముందండీ అందులో? నిజమే రాశారు. మీరు అబద్ధం ఆడరని మా నాన్నగారు కూడా అనేవారు." గోడ మీది తాళంచెవులను ఆయన గుమ్మంలోంచి తీరిగ్గా చూశాడు. "ఇవాళ కూడా నిజమే చెప్పండి, చాలు."

పదిన్నరకు శకుంతల జీపు దిగింది. వెనక సుభాష్. ఇద్దరూ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. తాళం, తాళం, తాళం. సుభాష్ ప్రతి తలుపునూ ఫోటో తీశాడు. శకుంతల ముఖంలో ఇబ్బంది కనిపించింది.

"టీచర్ గారూ, నేను చూసిందే నేను రాయగలను. ఇవాళ ఇక్కడ ఉన్నది ఎంతమంది?"

అదే ప్రశ్న. అడిగినదానికి జవాబు పంతొమ్మిది కంటే కూడా తక్కువ. సవరమ్మ అరుగు దిగి గుడి వైపు నడిచింది.

లూర్దుపేటలో గంట ఆదివారం మోగితే ఒక తీరు, చావుకు మోగితే ఇంకో తీరు. పోయినవారి వయసెంతో అన్ని దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ నడుమ పరలోక జపం ఒకసారి చెప్పుకునేంత వ్యవధి. ఆ గంట విని తోటలో ఉన్నవాడు చెట్టు మీద ఉన్నా దిగి రావలసిందే. ఏ యజమానీ ఆపిన దాఖలా లేదు.

తాడు పట్టుకున్న ఆవిణ్ని చూసి పాల్ రాజు నివ్వెరపోయాడు. "ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవరూ పోలేదు. పక్కకు జరుగు."

"టీచర్ గారూ, చావు గంటతో అబద్ధం ఆడకూడదండీ!"

"తెలుసు. ఆ పాపం నాది. నువ్వు లెక్కపెట్టు."

ఒకటి. రెండు. చేతులు నొప్పిపుట్టాయి. ముప్పయి దగ్గర తోటల్లో కేకలు ఆగిపోయాయి. యాభై దగ్గర కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి. డెబ్బయి దాటాక తూర్పు దారిన దుమ్ము లేచింది. డెబ్బయ్యారో దెబ్బ తరువాత ఆవిడ తాడు వదిలింది. పేటలో ఆ వయసు మనిషి ఒక్కరే.

చిక్కాలు భుజాన పెట్టుకునే వచ్చారు. చేతులకు మామిడి సొన, కాళ్లకు చెప్పుల్లేవు. ఆడవాళ్లు దారిలోనే ఏడుపు ఎత్తుకున్నారు. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన రేచల్ గుడి మెట్ల మీద నిలబడ్డ మనిషిని చూసి, కొయ్యబారి, ఆ తరువాత నేల మీద కూలబడింది.

"చంపేశావు కదే అమ్మా మమ్మల్ని! బతికుండగా ఇదేం ఆట!"

"కూలికి రమ్మంటే పోయినదానివి, చావుకైనా వచ్చావు. లే."

మొదట ఎవరో నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. తెల్లకారు ఇంకా అక్కడే ఉంది. సుభాష్ దాని వైపు ఒకసారి చూసి, శకుంతల దగ్గరకు వంగాడు.

"చావుకు వచ్చిన జనం మేడమ్. ఎక్కడెక్కడి వాళ్లో. రూల్ ప్రకారం లెక్కలోకి తీసుకోకూడదు."

ఆ మాట సవరమ్మ చెవిన పడింది. ఆవిడ ఇంట్లోకి వెళ్లి, గోడ మీది తాళంచెవులన్నిటినీ చేటలోకి దులిపి, తెచ్చి గుడి మెట్ల మీద శకుంతల ముందు పెట్టింది.

"అమ్మా, నిరుడు ఈయన మూడు ప్రశ్నలు అడిగాడు. నాలుగోది అడగలేదు. అడగలేదు కదా అని నేను ఊరుకున్నాను. ఈ తాళంచెవులు ఎవరివి అన్నదే ఆ ప్రశ్న. ఇప్పుడు మీరు అడగండి. చావుకు వచ్చిన చుట్టాలకు ఈ చేటలో తాళంచెవి ఉండదు."

ఎవరూ తోసుకోలేదు. ఒక్కొక్కరే వచ్చి, చేటలో చెయ్యి పెట్టి, వెతుక్కోకుండా తమది తీసుకున్నారు. ఎర్రదారం కట్టినది రేచల్‌ది. వంకర తిరిగినది ఆమె వెనకే వచ్చిన విక్టర్‌ది. ఒక్కొక్క తాళం తెరుచుకుంటున్న చప్పుడు వీధి పొడవునా సాగింది. లోపల దేవుని పటాలు, బియ్యం డబ్బాలు, గోడల మీద పిల్లల బడి ఫోటోలు. శకుంతల ప్రతి గడప దగ్గరా ఆగి, మనిషి మనిషినీ అడిగి, తన చేత్తో తనే రాసుకుంది. రెండున్నర గంటలు పట్టింది. మూడు వందల తొంభై ఒకటి.

"నేను రాసి పంపుతాను టీచర్ గారూ" అంది జీపెక్కుతూ. "పైన ఏం చేస్తారో నాకు తెలీదు. రీ-సర్వే మళ్లీ వేసినా వేస్తారు."

జీపు వెళ్లాక వెంకటకృష్ణారావు కారు అద్దం దించాడు. ముఖంలో కోపం లేదు. అదే సవరమ్మకు భయం కలిగించింది.

"కోతలు ఏటా వస్తాయి కదండీ టీచర్ గారూ" అన్నాడు. కారు నెమ్మదిగా మలుపు వైపు కదిలింది.

పాల్ రాజు గుడి తలుపు మూస్తూ చిన్నగా అన్నాడు: "రేపు నిజంగా మోగితే నమ్మి వస్తారంటారా?"

ఆవిడ ఖాళీ చేట తీసుకుని మెట్లు దిగింది.

పొద్దు వాలుతుండగా అందరూ మళ్లీ తోటలకు బయలుదేరారు. అలవాటు చొప్పున తాళాలు వేసి, తాళంచెవులు పట్టుకుని అరుగు ముందు వరుసకట్టారు. సవరమ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తీసుకోను. ఇంటికొకరు ఉండండి. తలుపు తెరిచి ఉంచండి."

"ఒకరి కూలి పోద్ది టీచరమ్మా" అంది రేచల్. "రెండు నెలలు. ఏం తిని ఉంటాం?"

"పోతుంది. ఎవరూ లేకపోతే ఏం పోతుందో పొద్దున చూశావు."

రేచల్ చేతిలోని ఎర్రదారం వంక చూసింది. మలుపు వంక చూసింది. అక్కడ కారు దీపాలు ఆర్పుకుని నిలబడి ఉంది. వెనక్కి వెళ్లి, తన తలుపు తాళం తీసి, గడప మీద కూర్చుంది. ఆ తరువాత మరో తలుపు తెరుచుకుంది. కొన్ని తెరుచుకోలేదు. ఏవి తెరుచుకోలేదో మలుపు దగ్గర కారులో ఉన్నవాళ్లు కూడా లెక్కపెట్టుకుంటున్నారని సవరమ్మకు తెలుసు. తన వెనక, గోడ నిండా, వట్టి మేకులు.