రొయ్యల పచ్చడికి ఎమ్మార్పీ

రొయ్య తల తుంచి, వీపు చీల్చి, నల్లటి నరం లాగి పడేసి, మళ్లీ ఇంకో రొయ్య. పొద్దుటి నుంచీ షాహీనాకు ఇదే పని. విడవలూరు నుంచి వచ్చిన బుట్ట సగం కూడా తరగలేదు. వేళ్లు ముళ్లు గుచ్చుకుని మండుతున్నాయి. మొగుడు పర్వేజ్ మాత్రం ఫ్యాను కింద కూర్చుని లేబుల్ మీద ఏం వేయించాలా అని తెగ ఆలోచిస్తున్నాడు. ఇన్నాళ్లూ తన కొట్లో విడిగా అమ్మిన రొయ్యల పచ్చడిని నెల్లూరులో పెద్ద షాపువాళ్లు అడిగారు. సీసా మీద ఎమ్మార్పీ ఉండి తీరాలన్నారు.

"అదేందిరా?" అంది అత్త బీజాన్.

"దానికి మించి ఎవురూ ఒక్క రూపాయి తీసుకోకూడదు అమ్మా. పన్నులన్నీ అందులోనే. తగ్గించి అమ్ముకుంటే మనిష్టం."

"ఆ రేటు ఎవురు పెడతారు? సర్కారా?"

"కాదమ్మా. చేసినోళ్లే."

షాహీనా చేతులు ఆగాయి. చేసినోళ్లట! ఆ చేసినోళ్లలో తను ఉందో లేదో చూద్దామని చెవి ఒగ్గింది. రొయ్యలు, నూనె, కారం, గ్యాసు, ఆటో బాడుగ, ఆఖరికి మూతకు చుట్టే టేపు కూడా పర్వేజ్ చెప్పే ఖర్చుల్లోకి వచ్చాయి. వలిచే చేతులు రాలేదు. పొయ్యి దగ్గర ఉడికిపోయే మనిషి రాలేదు. ఎందుకొస్తుంది? "ఇంట్లో పనేగా, కూలి లేదు" అని బేరమాడినవాడికల్లా తగ్గించి ఇచ్చే మహానుభావుడాయె. పెళ్లైన కొత్తలో "మా కోడలుండంగా మనిషిని పెట్టే పనే లేదు" అని అత్త పదిమందిలో అంటే, అది మెచ్చుకోలనుకుని మురిసిపోయింది, పిచ్చిమొహం.

"మనకి కూలి పడదు గదా. అందరికంటే తక్కువ ఎమ్మార్పీ వేద్దాం," అన్నాడు పర్వేజ్ హుషారుగా.

షాహీనా లేచి చేతులు కడుక్కుంది. "ఇంక నావల్ల కాదు. ఎవురినన్నా పిలిపించుకోండి."

"ఏందే ఇది? ఎండెక్కితే రొయ్యలు కుళ్లిపోతాయి!"

ఆమె గడప మీద కూర్చుంది. బుట్ట మీద ఈగలు ముసిరాయి. అత్త సణిగింది. పర్వేజ్ కాసేపు చిందులు తొక్కి, దారిలేక వీధి చివరి ఆదిశేషమ్మకు ఫోన్ చేశాడు. రొయ్యలు వలవడమే ఆమె జీవనం. ఆమె తన కూలి ఎంతో చెప్పింది. పచ్చడి కలిపి సీసాలకెత్తాలంటే ఇంకొంత అవుతుందంది. పర్వేజ్ బేరమాడలేదు. కనీసం గొణగలేదు.

"అట్నే అక్కా, ఎండెక్కకముందే బిన్నా రా," అన్నాడు.

షాహీనాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొంగు దోపుకుని బుట్ట దగ్గరికి నడిచింది.

"ఆమెని రానీయండి. ఇద్దరం వలుస్తాం. ఆమెకిచ్చే కూలే నాకూ. రెండూ ఖర్చులో కలిపినాకే ఎమ్మార్పీ వేయండి."