బ్రేకు మీద కాలు

"రబ్బర్లన్నీ పారెయ్యి. ఇనప సామాను మటుకు కిరసనాయిల్లో కడిగి నీడన ఆరబెట్టు" అని చెప్పి, సైకిలెక్కి ఆఫీసుకి వెళ్లిపోయాడు అంతోని. మార్త అప్పుడే అంట్లు తోమి లేచింది. మళ్లీ అదే బావి పక్కన, అదే పీట మీద కూర్చుంది. ఇందాక బూడిద, ఇప్పుడు కిరసనాయిలు, చేతులకి పెద్ద తేడా ఏముంది? ఎదురుగా గోనెసంచి మీద ఎర్రకారు బ్రేకుల సామానంతా పరిచి ఉంది. మూడేళ్లుగా పెరటి కొట్టంలో టార్పాలిన్ కింద పడున్న ఆ కారుని నిన్ననే అంతోని విప్పాడు. విప్పుతున్నంతసేపూ మార్త వంటిల్లు వదిలి బయటికి రాలేదు. ఆ కారులోనే ఆమె మరిది జోజి చచ్చిపోయాడు. చంపింది మార్తేనని గుణదలలో తెలియనివాళ్లు లేరు.

కారు సంగతి ముందు చెప్పాలి. అంతోనిది కాలవల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. ఆ జీతానికి సైకిలే ఎక్కువ. కానీ మనిషికి పిచ్చి పట్టాక జీతం అడ్డొస్తుందా? పామర్రు దగ్గర ఒక రైసుమిల్లు కొట్టంలో, ఊక బస్తాల వెనక, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఇంగ్లీషు కారు అతని కంట్లో పడింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, చిరిగిపోయిన కాన్వాసు కప్పు. ఎవరో జమీందారుగారబ్బాయి పందాలకని ఇంగ్లండు సీమనించి తెప్పించుకున్నదట. మార్త మెళ్లో గొలుసు అమ్మి, కారుని ఎడ్లబండికి కట్టించి ఇంటికి లాక్కొచ్చాడు. సీమ సామాను దొరికే రోజులు కావు. ఒక బండి కార్బురేటరు, ఇంకో బండి డైనమో, జీపు దీపాలు ఆటోనగర్లో ఏరుకొచ్చి, అరగదీసి, అతుకులేసి, మొత్తానికి దాన్ని నడిపించాడు. నిజం చెప్పాలి, ఆ ఓపిక ఇంకొకడికి ఉండదు.

అయితే అతను కారు కింద పడుకున్నంతసేపూ దీపం పట్టుకున్నదెవరు? మరలన్నీ కడిగి, దేని పక్కన ఏది ఉండాలో మర్చిపోకుండా వరసగా పేర్చిందెవరు? గ్రీజు చొక్కాలు ఉడకబెట్టిందెవరు? "నువ్వు దీపం పట్టుకో, చాలు. బుర్ర పెట్టకు" అనేవాడు. చెయ్యి కాస్త కదిలితే "వంటింటి బుద్ధులూ నువ్వూ" అనేవాడు. బుర్ర పెట్టొద్దంటే మానేస్తుందేమో గానీ, చెవులు ఎక్కడ మూసుకుంటాయి? ఇంజను దగ్గితే ఏ మూల దగ్గుతోందో మార్తకి తెలిసిపోయేది. ఓ ఎండాకాలం కంకిపాడు దాటగానే కారు ఆగిపోవడం మొదలెట్టింది. కాసేపు నీడన పెడితే మళ్లీ నడుస్తుంది. అంతోని ప్లగ్గులు మార్చాడు, తీగలు మార్చాడు, నోరు పారేసుకున్నాడు. "పంపు ముట్టుకుంటే కాలిపోతోందండీ. లోపల పెట్రోలు ఆవిరైపోతోందేమో" అని మార్తే తన పాత వాయిల్ చీర చింపి, తడిపి, పెట్రోలు పంపుకి చుట్టింది. కారు బందరు దాకా ఎక్కడా ఆగలేదు. "నాకు తట్టింది, తడిగుడ్డ చుట్టించా" అని అంతోని స్నేహితులకి చెప్పుకుంటూంటే మార్త వాళ్లకి పకోడీలు వడ్డించింది. జోజి ఒక్కడే నవ్వాడు. "వదినా, నీ చీర బందరు చూసొచ్చింది. నువ్వింకా చూళ్లేదు" అన్నాడు. ఆ ఇంట్లో ఆమె చేసిన పనిని పనిగా చూసిన మనిషి వాడొక్కడే.

జై ఆంధ్ర ఉద్యమం రోజులవి. బెజవాడంతా బందులూ కర్ఫ్యూలూ. ఆఫీసు లేదు కదా అని అంతోని బ్రేకుల్లో గాలి తీసే పని పెట్టుకున్నాడు. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి గాలి బయటికి పోనివ్వాలి. మర మళ్లీ బిగించేదాకా తొక్కిన కాలు తియ్యకూడదు, తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. "తొక్కు. పట్టుకో. ఆఁ, వదులు" అని కిందనించి అంతోని చెబుతున్నాడు. సరిగ్గా "పట్టుకో" అన్నప్పుడు లోపల్నించి అత్తగారు అమలమ్మ "మార్తా, పాలు పొంగుతున్నాయే!" అని కేకేసింది. పెళ్లయినప్పట్నించీ ఆ కేకకి లేవడం అలవాటైన కాలు. లేచింది. అంతోని నానా మాటలూ అన్నాడు. మార్త పాలు దించొచ్చి మళ్లీ కూర్చుంది, పని మొదట్నించీ మళ్లీ చేశారు.

ఓ రెండు వారాలకి జోజి కంకిపాడు వెళ్లొస్తానని కారు తీశాడు. బందరు రోడ్డు మీద గడ్డిబండి అడ్డం వచ్చింది. కారు ఆగలేదు, కాలవలోకి దూకింది. కుర్రాడి కాలు బ్రేకు మీదే ఉందనీ, పెడలు నేలకంటుకుపోయి ఉందనీ, బయటికి తీసినవాళ్లు ఇంటికొచ్చి చెప్పారు. సమాధి చేసొచ్చిన సాయంత్రమే, "ఆ రోజు మార్త కాలు తీసేసింది కదా" అన్న మాట పుట్టింది. ముందు ఎవరన్నారో మార్తకి తెలియదు. ఏడుపులో అందరి నోళ్లలోనూ అదే వినిపించింది.

తమ్ముడి పేరు మీద నెల పూజ చెప్పించిన రోజు, గుడి బయట అందరూ గుమిగూడి ఉండగా, అంతోని పెళ్లాం భుజం మీద చెయ్యి వేశాడు. "నా తమ్ముడు పోయాడు. అయినా నేను మార్తని క్షమించాను. ప్రభువు మనకి నేర్పింది అదే కదా" అన్నాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. ఎంత మంచివాడమ్మా అన్నారు. ఇంకొకడైతే పుట్టింటికి తరిమేసేవాడన్నారు. ఆ మంచితనం కింద మార్త మూడేళ్లనించీ బతుకుతోంది. కూరలో ఉప్పెక్కువైతే అంతోని కంచం నెట్టేయడు, "పోన్లే" అంటాడు. ఆ పోన్లేలో జోజి ఉంటాడు. చీర అడగాలన్నా, పుట్టింటికి వెళ్లొస్తాననాలన్నా, ఒంట్లో బాగాలేదనాలన్నా ఆమెకి నోరు పెగలదు. తిట్టినా, కొట్టినా కాసేపటికి అయిపోతుంది, క్షమించడం మటుకు రోజూ నడుస్తూనే ఉంటుంది. ఏటా ఈస్టరు ముందు పాపసంకీర్తనంలో అదే పాపం చెప్పుకుంది. "ఒకసారి చెప్పేసిన పాపం మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదమ్మా" అని ఫాదరుగారే విసుక్కున్నారు. అత్తగారు కోడలి చేతి మంచినీళ్లు ముట్టడం మానేసి, తన కుండ తనే వేరే పెట్టుకుంది.

మార్త కుడికాలు ఆమె మాట వినడం మానేసింది. కూరలు తరుగుతున్నా, రుబ్బుతున్నా, గుళ్లో మోకాళ్ల మీద ఉన్నా, అది దానంతటది దేన్నో నొక్కుతూ ఉంటుంది. ఇక జోజి. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, కట్టెల కోసం కొట్టంలోకి వెళితే, టార్పాలిన్ కింద సీటు కిర్రుమంటుంది. తలతిప్పితే కారు పక్కనే నిలబడి ఉంటాడు, ప్యాంటు నించి కాలవ నీళ్లు కారుతూ. భయం కాదు ఆమెకి, సిగ్గు. ఎందుకు వదిలావు వదినా అని ఒక్కసారి అడిగితే కాళ్ల మీద పడి ఏడుద్దును కదా అనుకునేది. వాడు అడగడు. తడి కాళ్లతో అలా చూస్తూ నిలబడతాడు. మార్త కట్టెలు తీసుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు గన్నవరంలో ఎవరో డాక్టరుగారు ఆ కారు మీద మోజుపడ్డారు. బ్రేకులు బాగుచేసిస్తే తీసుకుంటానన్నారు. అందుకని ఈ కడుగుడు.

ఇనప సామానంతా అయ్యాక మార్త రబ్బర్లు దోసిట్లోకి తీసుకుని పెంటకుప్ప వైపు నడిచింది. సగం దూరంలో ఆగింది. చేతిలోవి ఎందుకో మెత్తగా, బొద్దుగా తగిలాయి. తను ఇన్నేళ్లు చూసిన సామాను కాదూ! వెనక్కొచ్చి, ఒక రబ్బరుని దాని గొట్టంలో పెట్టబోయింది. పట్టలేదు. ఇంకోటి పట్టలేదు. నాలుగు చక్రాలవీ అంతే. కిటికీలో అంతోని తెచ్చిపెట్టిన కొత్తవి ఉన్నాయి. అందులో ఒకటి తీసి పెడితే సుతారంగా లోపలికి వెళ్లింది.

కుక్కరు కొన్న కొత్తల్లో మూత రబ్బరుకి జిడ్డు పట్టిందని మార్త దాన్ని కిరసనాయిల్లో నానేసింది. అది ఉబ్బిపోయి మళ్లీ మూతకి పట్టలేదు, అత్తగారి చేత తిట్లు తిన్నది. ఇదీ అలాంటి ఉబ్బే. కడిగినప్పుడు రబ్బర్లకి కిరసనాయిలు తగల్లేదు, వాటిని విడిగానే పెట్టింది. మరి దేనికి ఉబ్బాయి? బ్రేకాయిలు తగిలితేనే ఉబ్బేటట్టయితే లోకంలో ఒక్క కారూ ఆగదు. గాలికి రబ్బరు ఉబ్బదు. ఆ ఆలోచన దగ్గర ఆమెకి ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది. బందు రోజులు. కొట్లన్నీ మూత. సీట్లో కూర్చున్న తనకి ముందు అద్దంలోంచి అంతోని కనిపిస్తున్నాడు, బానెట్టు పక్కన నిలబడి డబ్బాలోంచి బ్రేకుల్లోకి ఆయిలు పోస్తూ. "అది ఇంజనాయిలు డబ్బా కదండీ?" అంది తను. "ఆయిలు ఆయిలే. నిన్ను తొక్కమన్నప్పుడు తొక్కు" అన్నాడు. ఆ మాట తను ఎలా మర్చిపోయింది? చేసిన తప్పు అంత పెద్దదిగా చూపించాక, విన్న మాటలు ఎవరికి గుర్తుంటాయి!

తుప్పు పట్టిన మేకు కూడా పారెయ్యనివ్వని మనిషి, ఇవాళ రబ్బర్లు పారెయ్యమన్నాడు. అంటే తెలుసు. తెలిసీ వాటిని తన చేత్తో తను పారెయ్యలేదు చూడండి! ఆ ఇంట్లో మగవాళ్లెవరూ చెత్త పారబోసి ఎరగరు. అది ఆడవాళ్ల పని. అలవాటు ప్రకారం పెళ్లానికి అప్పజెప్పి వెళ్లిపోయాడు.

మార్త రబ్బర్లు కొంగులో పోసుకుని వసారాలోకి వెళ్లింది. అమలమ్మ జపమాల తిప్పుకుంటోంది. మార్త రబ్బర్లు ఆవిడ ఒళ్లో పోసింది.

"జోజి నా వల్ల పోలేదత్తయ్యా. ఆయన బ్రేకుల్లో ఇంజనాయిలు పోశారు. రబ్బర్లు ఎట్టా ఉబ్బిపోయినయ్యో చూడండి. ఇవి పాడైతే ఎంత తొక్కినా బ్రేకు పట్టదు."

ముసలమ్మ చూడలేదు. ఏంటివి అని కూడా అడగలేదు. జపమాల మీద వేలు ఉన్నచోటే ఉండిపోయింది. అప్పుడు మార్తకి అర్థమైంది.

"మీకు తెలుసా?"

"సమాధి కాణ్ణించి రాగానే చెప్పాడే. నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. నేనే నోరు మూసుకోమన్నా" అంది అమలమ్మ. "ఒకణ్ణి మట్టిలో పెట్టొచ్చా. తమ్ముణ్ణి చంపాడని ఊరంతా అంటే రెండోవాడు మాత్రం బతుకుతాడా? నీమీద మాట నేనే పుట్టించా. పరాయింటి పిల్లవి, ఓర్చుకుంటావనుకున్నా."

"మూడేళ్లు నా చేతి నీళ్లు కూడా తాగలేదు మీరు."

"ఏ మొహం పెట్టుకుని తాగనే?"

మార్తకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, పొయ్యి దగ్గర సెగలాగా కిందనించి మొహం దాకా. ఈవిడ అసహ్యించుకుంటోందని ఎన్ని రాత్రులు దిండు తడిపింది! ఓర్చుకుంటుందిట. ఓర్చుకునే మనిషి ఇంట్లో ఒకరుంటే ఎంత హాయి! ఎంత బరువైనా తెచ్చి నెత్తిన పెట్టొచ్చు, పైగా పెట్టినందుకు జాలి కూడా చూపించొచ్చు. బావి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. మధ్యాహ్నం అన్నం తిన్నది, మూడేళ్లలో మొదటిసారి రుచి తెలిసింది. కట్టెలకని కొట్టంలోకి వెళ్లింది. కారు పక్కన ఎవరూ లేరు. ఎందుకో అప్పుడు ఏడ్చింది, వాడి కోసం, మరిది పోయిన మామూలు వదినలాగా.

సాయంత్రం అంతోని వచ్చి, కాఫీ తాగి, కొత్త రబ్బర్లు వేసి అన్నీ బిగించాడు. కొత్త బ్రేకాయిలు సీలు విప్పి పోశాడు. చక్రం దగ్గర పడుకుని పిలిచాడు.

"మార్తా, వచ్చి కూర్చో. నేను చెప్పిందాకా కాలు తియ్యకు. ఈసారన్నా జాగ్రత్త."

మార్త వచ్చి సీట్లో కూర్చుంది. వసారా గుమ్మంలో అమలమ్మ నిలబడి ఉంది.

"ఊఁ, తొక్కు" అన్నాడు అంతోని.

మార్త తొక్కలేదు.

"తొక్కవేం?"

"మీరు నన్ను క్షమించారు కదండీ" అంది మార్త. "అది వెనక్కి తీసేసుకోండి. నాకొద్దు."

కింద స్పానరు శబ్దం ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?" అన్నాడు. ఏం చెప్పారని అడగలేదు. ఆ తర్వాత పాక్కుంటూ బయటికి వచ్చాడు. మొహం నిండా దుమ్ము, దాని కింద సున్నంలాగా పాలిపోయిన రంగు. తల్లి వైపు చూశాడు. ఆవిడ తలొంచుకుంది. అక్కడే నేల మీద, చక్రానికి వీపానించి కూలబడ్డాడు.

"చెబుదామనే అనుకున్నా మార్తా. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైపోయింది. నేనూ కంటినిండా నిద్రపోయింది లేదు." ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. "ఇంట్లో మాట, ఇంట్లోనే ఉండనీ. నీ కాళ్లు పట్టుకుంటా. నన్ను క్షమించు."

మార్త కారు దిగింది. అతను చాచిన చెయ్యి పట్టుకోలేదు, విదిలించనూ లేదు. అతనికి వినపడేటట్టు, గుమ్మంలో ఉన్నావిడకి కూడా వినపడేటట్టు చెప్పింది.

"నన్ను గుడి ముందు, అందరూ చూస్తుండగా క్షమించారు. మీరు అడగడం కూడా అక్కడే అడగండి. ఆదివారం పూజ అయ్యాక నేను బయట నిలబడతా. మీరు నోరిప్పకపోతే, నేనిప్పుతా."