ఇత్తడి పళ్లేలు లేని ఆల్బం

మా ఆయన పెంచలకృష్ణ, రెండు విషయాల్లో తనకు తిరుగులేదనుకుంటాడు. ఒకటి రొయ్యలు, రెండోది విజయభాస్కర్ పాటలు. రొయ్యల్లో ఇప్పటికి మూడుసార్లు మునిగాడు. పాటల్లో మునిగిన కథ ఇది.

విజయభాస్కర్‌ది కావలి. ముప్పై ఏళ్ల కిందట నలుగుర్ని పోగేసి, ఎలక్ట్రిక్ గిటార్లు మెడలో వేసుకుని, తెలుగులో రాక్ పాడతామని బయల్దేరాడు. బృందం పేరు 'ఏడో నెంబరు'. తుఫాను వచ్చేముందు ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక అది. పేరుకు తగ్గట్టే వాళ్లు పాడితే ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు రెండ్రోజులు చెవుల్లో హోరు దిగేది కాదు. మా ఆయన ఎప్పుడూ ముందు వరుసే. పెళ్లయిన పదో రోజున నన్నూ తీసుకెళ్లాడు. నేను చెవులకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఈనాటికీ ఎవరికీ చెప్పనివ్వడు.

తర్వాత బృందం వాళ్లలో వాళ్లు తన్నుకుని విడిపోయారు. ఇరవై ఏళ్లు సద్దు లేదు. ఇప్పుడు అరవై మూడేళ్ల వయసులో విజయభాస్కర్ ఒంటరిగా ఒక ఆల్బం విడుదల చేశాడు. పేరు 'ఒంటి తెడ్డు', పాటలు ఎనిమిది. ఇంగ్లీషు వెబ్‌సైటు ఒకటి రెండున్నర నక్షత్రాలిచ్చి, అలసిపోయిన గొంతు అని రాసింది. యూట్యూబులో ఒక గడ్డం కుర్రాడు నాలుగున్నర ఇచ్చి కళ్లు తుడుచుకున్నాడు. రెండు వందల పద్నాలుగు మంది ఉన్న అభిమానుల వాట్సాప్ గ్రూపు ఆ ఇంగ్లీషు సమీక్షకుడి మీద యుద్ధం ప్రకటించింది. గ్రూపు పెట్టింది మా ఆయనే కాబట్టి, ఆయన ఒక్క దెబ్బతో వాడి నోరు మూయిస్తాడని అందరూ ఎదురు చూశారు.

ఈయన రెండే నక్షత్రాలిచ్చాడు.

"గొంతు పోయింది. నోట్లో మైసూరుపాకు పెట్టుకుని పాడినట్టుంది, ఒక్క మాటా తెలియదు. డ్రమ్ములు దబదబ ఉన్నాయి గాని సింబల్స్ ఏవి? ఎనిమిది పాటల్లో ఒక్కసారి కూడా మోగలేదు. ఇది మోసం." ఇదీ ఆయన రాసింది. సింబల్స్ అంటే డ్రమ్ముల పక్కన కర్రతో కొట్టే ఇత్తడి పళ్లేలు. నాకు ఆ పేరు తెలిసింది ఈ గొడవలోనే.

ఆదివారం పొద్దున ఇద్దరు పెద్దమనుషులు రాయబారానికి తోటపల్లి గూడూరులోని మా ఇంటికి వచ్చారు. ఒకాయన హజరత్తయ్య. మనుబోలులో రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల విడిభాగాలు అమ్ముతాడు. ఆయన కొట్లో విజయభాస్కర్ ఫొటోకి కూడా అగరొత్తి వెలుగుతుంది. రెండో ఆయన మధుబాబు, కావలిలో ఫిజిక్స్ లెక్చరరు. కొలవకుండా ఏ మాటా అనడు. వచ్చేటప్పుడు నడుమెత్తు స్పీకరు ఒకటి వెంట తెచ్చాడు.

"కృష్ణా, రాసింది వెనక్కి తీసుకో," అన్నాడు హజరత్తయ్య, నేనిచ్చిన కాఫీ ముట్టకుండా. "భాస్కరన్న దగ్గినా మనకది పాటే."

"దగ్గితే దగ్గినాడనే రాస్తా. ముప్పై కౌంటు రొయ్య ఇయ్యాల్సినోడు వంద కౌంటు పొడి ఇచ్చినాడు. కిలోకి వంద తూగేదాన్ని చూసి ఆహా ఎంత లావుండాదని చెప్పమంటావా?"

"మూడో పాటలో సింబల్స్ ఉండాయన్నా," అన్నాడు మధుబాబు. "నేను లెక్కపెట్టినా. నలభై రెండు దెబ్బలు."

"యాడుండాయి? చూపించు!"

మధుబాబు పాట పెట్టాడు. చూపుడు వేలు పైకి లేపి, పళ్లెం మోగినప్పుడల్లా ఇదిగో, ఇదిగో అన్నట్టు ఆడించడం మొదలుపెట్టాడు. వంటింట్లో గారెలు వేస్తున్న నాకే ఝల్లుఝల్లుమని వినబడుతోంది. గుమ్మం దగ్గరికి వచ్చి చూశాను. మా ఆయన చూపు వేలు మీంచి స్పీకరు మీదికి, స్పీకరు మీంచి వేలు మీదికి తిరుగుతోంది. వైరస్ వచ్చి గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలిన రోజున కూడా ఆ ముఖంలో అంత భయం నేను చూడలేదు.

"మీరిద్దరూ మాట్లాడుకుని వచ్చినారు," అన్నాడు చివరికి. "రేవతీ, నువ్వు చెప్పు. ఏమన్నా వినపడిందా?"

అబద్ధం ఆడాల్సింది. కానీ నేను బళ్లో ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, నోటికి ఆ అలవాటు లేదు.

"వినబడిందండీ," అన్నాను.

"నీకేం తెలుసు రాక్ సంగతి!" అని ముగ్గురి మీదా ఒకేసారి లేచాడు. హజరత్తయ్య గారె కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. మా ఆయన ఫోను నెంబరు మార్చినప్పటి నుంచి గ్రూపు పెత్తనం ఆయనదే. మనుబోలు చేరకముందే దారిలో బండి ఆపి మరీ మా ఆయన్ని గ్రూపులోంచి తీసేశాడు. తను పెట్టిన గ్రూపులోంచి తనే బయటికి! ఆ రోజు ఈయన అన్నం తినలేదు.

ఆయన చెవుల సంగతి నాకు మూడేళ్లుగా తెలుసు. నేను గొణుగుతానంటాడు, టీవీ వాళ్లు గొణుగుతారంటాడు, బ్యాంకు మేనేజరు గొణుగుతాడంటాడు. లోకమంతా కూడబలుక్కుని గొణుగుతోందన్నది ఆయన సిద్ధాంతం. చెవి చూపించుకుందాం రమ్మంటే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఈసారి మాత్రం తనంతట తనే నెల్లూరు వెళదామన్నాడు.

"నా చెవులు బాగుండాయని డాక్టరు కాడ సర్టిఫికెట్ రాయించుకొస్తా. దాన్ని మధుబాబు చేత గ్రూపులో పెట్టిస్తా. అప్పుడేమంటారో చూస్తా."

సోమవారం సెలవు పెట్టి వెంట వెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో మీట పెట్టారు. చప్పుడు వినబడగానే నొక్కాలి. నేను బయట, పరీక్ష చేసే అమ్మాయి పక్కన కూర్చున్నాను. లావు చప్పుళ్లకు టకటకా నొక్కాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి సన్నటి శబ్దాలు ఒకదాని తర్వాత ఒకటి పంపుతూనే ఉంది. అద్దం అవతల ఈయన బొటనవేలు మీట మీద పెట్టుకుని, ప్రశ్నపత్రం కోసం చూసే పిల్లాడిలా, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

బయటికొచ్చి ఆ అమ్మాయితో, "సగంలో మీ మిషను ఆగిపోయినట్టుందమ్మా, చూసుకో," అన్నాడు.

డాక్టరు గారు కాగితం చూసి, ఏం పని చేస్తారని అడిగారు. రొయ్యల గుంటలన్నాడు. జనరేటరు పక్కనే పడకా అని అడిగారు. ఇరవై ఏళ్లన్నాడు. ఇంకేమైనా పెద్ద చప్పుళ్లలో ఉండేవారా అంటే ఈయన నా వైపు చూశాడు. "విజయభాస్కర్ కచేరీలు, ముందు వరుస," అని నేనే చెప్పాను. రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దాలు పోయాయనీ, వచ్చే సోమవారం వస్తే చెవి మిషను అమరుస్తామనీ చెప్పి పంపారు. సర్టిఫికెట్ అయితే దొరికింది గాని అది గ్రూపులో పెట్టేది కాదు.

"మిషను గిషను వద్దు," అన్నాడు ఇంటికి రాగానే. "గుంటల కాడ చెవిటోడనే పేరు పడుద్ది. ఎవురికీ చెప్పబాకు." నాకు కోపం రావాలి. రాలేదు. రొయ్యల్లో పోయింది మళ్లీ సంపాదించొచ్చని ఎప్పుడూ ధైర్యంగా ఉండేవాడు. కానీ విజయభాస్కర్ పాటలో ఏ మూల ఏం మోగిందో చెప్పగల మొనగాడినన్న పేరొక్కటే ఆయన సొంత ఆస్తి. అది పోతే ఏం మిగులుతుందో నాకూ తెలియలేదు.

గురువారం సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని ఉండగా ఎవరిదో కొత్త నెంబరు మోగింది. ఆయన ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది.

"పెంచలకృష్ణేనా? నేను విజయభాస్కర్‌ని మాట్లాడేది!" పెద్ద గొంతు, అరుపు లాంటిది.

మా ఆయన కుర్చీలోంచి లేచి, మడిచిన లుంగీ దించుకుని నిలబడ్డాడు.

"నీ రివ్యూ ఎవురో పంపినారు. నాలుగుసార్లు చదివినా. గొంతు పోయిందన్నావు, పోనీ. సింబల్స్ లేవన్నావు చూడు, ఈ రాష్ట్రంలో చెవులున్నోడివి నువ్వొక్కడివేనయ్యా!"

మా ఆయన ఫోను రెండు చేతుల్తో పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మిక్సింగ్ మా అమ్మాయి రోజా చేసింది. సింబల్స్ యాడమ్మా అంటే, ఉండాయి నాయినా అంటది. నా పాటను చంపినావని తిట్టి పంపేసినా. రెండు నెలలైంది, మాటల్లేవు. ఆదివారం వీడియోలో నీ రివ్యూ చదివి, ఆల్బం వెనక్కి తీసుకుంటుండానని చెప్తా. నువ్వు నా పక్కన కూర్చోవాల. వస్తావు కదా?"

ఎప్పుడూ ముందు వరుసలో కూర్చున్నవాడిని వేదిక మీదికి రమ్మంటున్నాడు. హజరత్తయ్య చూస్తాడు, మధుబాబు చూస్తాడు, రెండు వందల మందీ చూస్తారు. సరేనన్నా అంటే చాలు. పరీక్ష సంగతి డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నా వైపు చూశాడు. ఈ ఒక్క మాట ఆయనే అనాలనిపించింది.

"అన్నా, సింబల్స్ ఉండాయన్నా."

"ఏందీ?"

"సింబల్స్ ఉండాయి! నాకే వినపళ్లా! సోమవారం పరీక్ష చేయించుకున్నా! నాకు చెవుడన్నా!"

ఎవరికీ చెప్పొద్దన్న మనిషి ఎంత గట్టిగా చెప్పాడంటే పక్కింటి మాలకొండమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"టీవీ సౌండు ఎంతలో పెడతావు?" అని అడిగాడు విజయభాస్కర్.

"నలభైలో."

"నాది యాభై. రోజా ఉంటే తగ్గిస్తా ఉండేది." నవ్వబోయాడు గాని ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "అయితే ఆ పిల్ల చెప్పిందే నిజమా. మరి, కృష్ణా, గొంతు పోయిందని రాసినావే. అదన్నా నిజమేనా? నాకు ఇంక నేను విన్నదాని మీద నమ్మకం లేదు."

విజయభాస్కర్ గొంతు గురించి మా ఆయన దగ్గర అభిప్రాయం లేకపోవడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా ఆడోళ్లు చెప్తారన్నా. ఆమె చెవులు బాగుండాయి."

"చెప్పమ్మా. దాచబాకు," అన్నాడాయన.

"గొంతు ముసలిదైందండీ," అన్నాను. "పైకి వెళ్లినప్పుడు చీలుతోంది. రెండో పాట, ఏడో పాట మీరు పాడకపోయినా బాగుండేది. కానీ వారం నుంచి ఈయన రోజూ పెడుతున్నారు కదా, ఐదో పాట వచ్చేసరికి నేను పొయ్యి కట్టేసి గడప మీద కూర్చుంటున్నాను. మీ పాట ఒకటి చివరిదాకా వినడం ఈ పాతికేళ్లలో నాకు ఇదే మొదలు."

"ఐదోదా?" ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "అది నేను పాడదామని పాడింది కాదమ్మా. ఒక్కణ్ణే కూర్చుని ఏదో కూనిరాగం తీస్తా ఉంటే, రోజా నాకు చెప్పకుండా రికార్డు చేసింది. తీసెయ్యమన్నా. తియ్యలా." ఇంకేదో అనబోయి, "ఉంటానమ్మా, అమ్మాయికి ఫోన్ చెయ్యాల," అని పెట్టేశాడు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. చివరి మాటలు ఒక్కటీ ఆయనకు అందలేదు. చెవి దగ్గరికి వంగి, ఐదో పాట సంగతి మొదటినుంచీ చెప్పాను.



"ఐదో దాంట్లో అన్న పాడతాడా?" అన్నాడు. "ఉత్త గిటారే అనుకున్నానే."

సోమవారం నేను లేచేసరికే స్నానం చేసి, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని, నన్ను తొందర పెట్టడానికి నిలబడి ఉన్నాడు.