రెండు గిన్నెల పిండి

ఆదివారం పొద్దున ఇంట్లో ఇంకెవరూ లేవకముందే రెనీ లేచి, పీట పొయ్యి దగ్గరికి జరుపుకుని, దానిమీదికెక్కి వాఫుల్స్‌కి పిండి కలుపుతుంది. వారమంతా పిల్లలు బడికి పోయే ముందు తినడానికి సరిపడా కాల్చి, చల్లార్చి, మధ్య మధ్య మైనపు కాగితం వేసి ఫ్రీజర్‌లో పేరుస్తుంది. వేడి మీద పేరిస్తే ఆవిరి పట్టి మెత్తబడిపోతాయి. చల్లారాక పేరిస్తే, బడిరోజు టోస్టర్‌లో పడేస్తే చాలు, కరకరలాడుతూ లేస్తాయి.

గిన్నెలు రెండు. ఒకదానిలో మైదా, మజ్జిగ, చక్కెర, కరిగించిన వెన్న ధారాళంగా. అది ఐదేళ్ల ఎమెట్‌కి. రెండోదానిలో మిక్సీ పట్టిన ఓట్స్, మెదిపిన అరటిపండు, అవిసెగింజల పొడి, క్యారెట్ తురుము. చక్కెర లేదు, వెన్న చుక్క లేదు. అది తొమ్మిదేళ్ల బ్రిటాకి. ఫ్రీజర్‌లో పై అర వాడిది, కింది అర దానిది.

నిరుడు వసంతం దాకా రెనీకి పీట అక్కర్లేదు. మంచి పొడగరి.

వాళ్ల ఊరు హాల్వర్‌లో సిగ్గుపడ్డ ఆడవాళ్లు పొట్టివాళ్లయిపోతారు. విస్కాన్సిన్‌లో మంచు కురిసినట్టే అదీను. మంచు ఎందుకు కురిసిందని ఎవరూ అడగరు, పార తీసుకుని దారి చేసుకుంటారు. అలాగే ఇక్కడ ప్రతి వంటింట్లో ఒక పీట ఉంటుంది. చర్చి విందుకి తీసుకెళ్లిన వంటకం మాడిందనుకోండి, సాయంత్రానికల్లా మళ్లీ మామూలు ఎత్తుకి వచ్చేస్తారు. పెద్ద సిగ్గయితే ఉండిపోతుంది. మగవాళ్లకి మాత్రం ఇలా జరగడం ఎవరూ చూడలేదు. వాళ్లకి సిగ్గే లేదని కాదు. వాళ్ల వాటా కూడా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, ఇంట్లో ఆడవాళ్లుంటారు.

రెనీది పిల్లల డాక్టరు దగ్గర జరిగింది. ఆయన బ్రిటాని తూకం మీద నిలబెట్టి, తల పంకించి, "వయసుకి కాస్త ఎక్కువే ఉంది. పొద్దున్నే ఏం పెడుతున్నారు?" అన్నాడు. గదిలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. ఆయన చూపు మాత్రం రెనీ మీదే ఉంది. శుక్రవారం శుక్రవారం బడికి దింపే దారిలో కూతురికి డోనట్లు కొనిపెట్టే కర్ట్ ఆ సమయంలో ఫోన్‌లో హాకీ స్కోరు చూసుకుంటున్నాడు. కుర్చీలో కూర్చున్న రెనీ పాదాలు నేల వదిలి గాల్లో వేలాడాయి. లేచి నిలబడేసరికి కోటు చేతులు వేళ్లు దాటి దిగాయి. నర్సు తలుపు గడియ తనే తీసిపెట్టింది.

ఆ రోజే రెండో గిన్నె బయటికొచ్చింది.

అప్పుడే ఇంకో పని కూడా చేసింది రెనీ. వాఫుల్ పెనం అత్తగారు ఆర్డిస్ ఇచ్చింది. పొయ్యి మీద పెట్టి తిప్పి తిప్పి కాల్చే పాతకాలపు ఇనప పెనం. ఏళ్ల తరబడి వెన్న తాగి నల్లగా నిగనిగలాడేది. దాని గళ్లలో ఇంకిన ఆ వెన్నంతా కూతురి ఒంటికి పడుతుందేమోనని రెనీ దాన్ని సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. పాడి పశువుల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి చేయాల్సిన పని కాదది. పాత వెన్న పొర పోవడంతో అప్పటినుంచి పిండి అతుక్కుపోవడం మొదలైంది. ఎమెట్ వాఫుల్స్‌లో వెన్న ఉంది కాబట్టి ఎలాగో ఊడి వస్తున్నాయి. బ్రిటావి సగం పెనం పై పళ్లేనికి, సగం కింది పళ్లేనికి చీలిపోయి, చాకుతో గీకితే తప్ప రావు. ఆ గీకిన ముక్కల్నే పళ్లెంలో సర్ది, "నీ మంచికేనమ్మా" అనేది రెనీ.

పక్క కుర్చీలో ఎమెట్ మేపుల్ పాకంలో ఈదుతుండేవాడు.

"వాడి మంచి ఎవరు చూస్తారు?" అని ఒకసారి అడిగింది బ్రిటా.

"వాడు ఎదిగే పిల్లాడే."

"నేను?"

రెనీ టోస్టర్ మీట నొక్కింది.

ఒక పొద్దున బ్రిటా పళ్లు తోముకుంటుంటే రెనీ అటు వెళ్లింది. అద్దంలో పిల్ల నుదురు ఒక్కటే కనిపిస్తోంది. మునివేళ్ల మీద లేస్తే కళ్లు కనిపించాయి. అంతకుముందు ఆ అద్దంలోనే మెడ దాకా చూసుకుంటూ జడ వేసుకునేది.

రెనీ ఫోన్ తీసి అత్తగారికి చేసింది.

ఆర్డిస్ మధ్యాహ్నానికల్లా తన పాలకేంద్రం నుంచి వెన్న ముద్దతో సహా దిగింది. ఆవిడ తల ఎవరి భుజానికైనా అందిందంటే ఆ మనిషి పొట్టి అనుకోవాలి. ముసలితనమని అందరూ అనుకుంటారు.

"ముసలితనం కాదు, నా తలకాయ కాదు," అంది ఆర్డిస్, మనవరాలిని చూసొచ్చి వంటింట్లో కూలబడి. "దీని వయసులోనే తగ్గాను నేను. మా అమ్మ చుట్టాలందర్లో నా చేతులు పట్టి చూపించి, ఇవి ఆడపిల్ల చేతులా, పాలు పితికే మగాడి చేతులా అని నవ్వింది. ఎదిగే వయసులో తగ్గింది ఎదిగే వయసులోనే తిరిగి రావాలి రెనీ. తర్వాత ఇక రాదు. నన్ను చూడు."

"ఎలా వస్తుంది?"

"ఆ సిగ్గు ఎవరు పెట్టారో వాళ్లే తీసేసుకోవాలి. నలుగురిలో పెట్టింది నలుగురిలోనే తీసుకోవాలి. మా అమ్మ చర్చిలో మోకాళ్ల మీద పడి దేవుడికి చెప్పుకుందట. దేవుడి ముందా నన్ను చూసి నవ్వింది?"

"దీన్ని నేను నలుగురిలో ఏమీ అనలేదు ఆర్డిస్. ఇంట్లోనే, దాని పళ్లెంలోనే..."

"అయితే సులువే. పళ్లెం మార్చు."

రెనీ సరేనంది. మార్చలేదు. మళ్లీ తూకం ఎక్కించాల్సిన రోజు దగ్గర పడుతోంది మరి. ఆ డాక్టరు కళ్లు తలుచుకుంటేనే మెడ భుజాల్లోకి దిగిపోయేది.

ఆ శుక్రవారం రాత్రి బ్రిటా స్నేహితురాళ్లు మార్గో, జూన్ ఇక్కడ పడుకోవడానికి వచ్చారు. పొద్దున్నే వాళ్ల అమ్మలు వచ్చి తీసుకెళ్తారు. ఆ వచ్చే అమ్మలు ఊరికే రారు. కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లో నిలబడి, పిల్లలకి ఏం పెట్టారో చూసి మరీ వెళ్తారు. మనం వాళ్లింటికి వెళ్లినా చేసేది అదే.

పడుకోబోయే ముందు బ్రిటా తల్లి చెవిలో గుసగుసగా అంది. "రేపు నాకు వేరేగా చేయొద్దమ్మా. వాళ్లముందు."

"చేయను."

మాట తప్పకూడదనే రెనీ అందరికీ ఓట్స్ పిండే కలిపింది. అందరికీ ఒకటే అయితే ఎవరికీ తేడా ఉండదు కదా అనుకుంది. కాని పెనం ఊరుకోలేదు. మొదటి వాఫుల్ ఆవిరి ఆగేదాకా ఆగి, మూత ఎత్తితే నిలువునా చీలింది. రెండోది కూడా. గీకుతుంటే మాడు వాసన లేచింది. షెలీ, పామ్ అప్పటికే వచ్చేసి, మంచు బూట్లు గుమ్మంలో విడిచి, కాఫీలు పోసుకుని నిలబడ్డారు. షెలీ మార్గో తల్లి. పామ్ జూన్ తల్లి.

"తొందరేం లేదులే రెనీ," అంది షెలీ తియ్యగా. హాల్వర్‌లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఇంకా వాళ్లింట్లోనే ఉన్న ఆర్డిస్ వచ్చి పెనం వాసన చూసింది. "దీనికి స్నానం చేయించావా?"

రెనీ చాకుతో గీకుతూనే ఉంది.

"శిశువనుకున్నావా, ఇనుమనుకున్నావా? తప్పుకో." ఆర్డిస్ పీటెక్కి, పెనం రెండు పళ్లేలకీ వెన్న దట్టంగా పూసి, గుడ్డు తెల్లసొన నురగలు వచ్చేలా గిలక్కొట్టి మైదా పిండి కలిపి పోసింది. ఇల్లంతా కమ్మటి వాసన. బంగారం రంగు వాఫుల్ ఎక్కడా చిరగకుండా జారి వచ్చి బ్రిటా పళ్లెంలో పడింది. బ్రిటా పాకం సీసా అందుకుంది.

కర్ట్ గారాజ్ తలుపు తీసుకుని అప్పుడే లోపలికొచ్చాడు. మంచి మనిషి కర్ట్. ఎవర్నీ నొప్పించాలని ఎప్పుడూ అనుకోడు. నవ్వుతూనే అన్నాడు: "ఏయ్ బుజ్జీ, అది నీది కాదుగా! నీ బరువుకి అమ్మ వేరే పిండి చేస్తుందిగా."

మళ్లీ ఏదో మర్చిపోయినట్టు గారాజ్‌లోకి వెళ్లిపోయాడు.

బ్రిటా గడ్డం బల్ల అంచుకి దిగింది. తర్వాత ముక్కు. పాకం సీసా చేతికందక బల్ల మీద పక్కకి ఒరిగింది. మార్గో ఏమీ ఆశ్చర్యపోలేదు. తన వీపు వెనక ఉన్న దిండు తీసి, పెద్దమనిషి తరహాగా బ్రిటా కింద సర్దింది. "అమ్మ కోసం మా కారులో ఎప్పుడూ రెండుంటాయి," అంది. జూన్ సీసా నిలబెట్టి, పాకం తుడిచేసింది.

ఆ ఇద్దరు పిల్లలు అంత చక్కగా, అంత అలవాటుగా ఆ పని చేయడం రెనీ కళ్లారా చూసింది. తొమ్మిదేళ్లకే నేర్చేసుకున్నారు.

ఆర్డిస్ కోడలి వంక చూసింది. ఇప్పుడిది నలుగురిలో జరిగింది.

షెలీ ఇవాళ విన్నది రేపు చర్చి మెట్ల మీద ఉంటుంది. పామ్ ఎవరికీ చెప్పదు, కాని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. అత్తగారి పెనం పాడుచేసిన కోడలు, కూతురి కడుపు మాడ్చిన తల్లి. రెనీ చేతులు అప్రాన్‌కి తుడుచుకుంది. తుడుచుకోవడానికి ఏమీ లేకపోయినా మళ్లీ తుడుచుకుంది.

"బ్రిటాలో లోపం ఏమీ లేదు," అంది చివరికి. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "డాక్టరు ఒక మాటంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు నాది. దాన్ని మోయలేక పిండిలో కలిపి, రోజూ పొద్దున్నే దీని చేత తినిపించాను. ఓట్స్ ఏ పాపం చేయలేదు. వాడికి వెన్న వేసి దీనికి వేయలేదు చూడండి, అదీ నేను చేసింది. వాడు మగపిల్లాడనీ, ఇది ఆడపిల్లనీ. బ్రిటా, అది నీది కాదు. నాది. ఇటిచ్చెయ్."

రెనీ అప్రాన్ అంచు నేలని తాకింది. చొక్కా చేతులు మోచేతుల దగ్గర మడత పడ్డాయి. బల్ల అవతల బ్రిటా మెల్లగా పైకి వచ్చింది. ముక్కు, గడ్డం, మెడ. దిండు మీద ఉండేసరికి మరీ ఎత్తై, మోకాళ్లు బల్లకి తగిలి "అబ్బా!" అంది. దిండు లాగి మార్గోకి ఇచ్చేసింది.

షెలీ కాఫీలోకి చూసింది. తర్వాత ఆ తియ్యటి గొంతుతో కాకుండా మామూలు గొంతుతో అంది: "నేను మార్గో నిద్రపోయాక దాని నడుం కొలుస్తాను."

"నాకు తెలుసు," అంది మార్గో.

"తెలుసా?"

"టేపు చల్లగా ఉంటుందమ్మా."

షెలీ చేతిలో కప్పు బల్ల కిందికి దిగిపోయింది. మార్గో పైజమా చీలమండలు దాటి పైకి లేచింది. పామ్ ఇంకా ఏమీ చెప్పకముందే ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ చెప్పింది జూన్‌కి తప్ప ఎవరికీ వినపడలేదు, కాని వంటింట్లో నలుగురూ ఉన్నారు కాబట్టి సరిపోయినట్టుంది. జూన్ కూడా పొడుగు సాగింది.

"నాకు ఓట్స్‌వే ఇష్టం నిజానికి," అంది బ్రిటా. "అరటిపండు వాసనొస్తుంది. వెన్న వేస్తే చాలు."

ఆర్డిస్ వెన్న కరిగించి, మిగిలిన రెండు పిండ్లూ ఒకే గిన్నెలో కలిపేసింది. పెనం మీద చుయ్యిమంది. ఆవిరి ఆగాక మూత ఎత్తితే మచ్చల మచ్చలుగా, కాస్త మొరటుగా, చిరగకుండా వచ్చింది. ఎమెట్ మొదటి ముక్క తిని, "క్యారెట్ ఉంది," అన్నాడు ఫిర్యాదుగా.

"నోర్మూసుకుని తిను. ఎదిగే పిల్లాడివి," అంది అక్క.

కర్ట్ మళ్లీ వచ్చాడు. "ఏంటి, అందరూ కూర్చునే ఉన్నారు?"

"నిలబడే ఉన్నాం," అంది ఆర్డిస్.

కర్ట్ ఒకసారి చూసి, మర్యాదగా కళ్లు తిప్పుకున్నాడు. ఇలాంటప్పుడు హాల్వర్ మగవాళ్లు చేసేది అదే. షెలీకి గాని పామ్‌కి గాని కారు పెడళ్లు అందే పరిస్థితి లేదు. వాళ్లు ఇంకో కాఫీ తాగి మెల్లగా వస్తామన్నారు. పిల్లల్ని తనే దింపి వస్తానని కర్ట్ తాళాలు తీసుకున్నాడు. స్నేహితుల్ని సాగనంపడానికి బ్రిటా కూడా కోటు వేసుకుంది. కోటు చేతులు మణికట్టు దాకా కూడా రాలేదు.

గారాజ్ గుమ్మంలోంచి రెనీకి వాళ్ల మాటలు వినిపించాయి. బెల్టు పెట్టుకుంటూ బ్రిటా అడుగుతోంది, కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు: "నాన్నా, శుక్రవారం డోనట్లు కొనేది నువ్వు కదా. డాక్టరు అమ్మని అడుగుతుంటే నువ్వెందుకు చెప్పలేదు?"

కారు తలుపు పడింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ముందు బ్రిటా వచ్చి, బూట్లు విప్పి, తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. వెనక కర్ట్. అతని జీన్స్ అంచులు మడమల కింద నలుగుతూ, మంచునీళ్లు పీల్చుకుని నేలమీద ఈడ్చుకొస్తున్నాయి. టోపీ కనుబొమల మీదికి దిగిపోయింది.

ఆర్డిస్ కాపురంలో మామగారిని చూసింది, భర్తని చూసింది, కొడుకుని పెంచింది. ఇలాంటిది చూడలేదు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

కర్ట్ ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి, కాఫీ కప్పు కోసం కొక్కేనికి చెయ్యి చాపాడు. అందలేదు. మునివేళ్ల మీద లేచాడు. వేళ్లు కప్పు అడుగుని తాకి జారాయి.

రెనీ తన పళ్లెంలోకి ఇంకో వాఫుల్ తీసుకుని, దానిమీద వెన్న రాసుకుంది. షెలీ పాకం సీసా ఇటు జరిపింది. కప్పు అతని చేతికి వచ్చేదాకా చాలాసేపు పట్టింది. ఎవరూ లేవలేదు.