తానుగా ముడుచుకొనిన చేయి

శ్రావణమాసమున వశిష్ఠాతీరమందలి నరసాపురపట్టణమును రాత్రియెల్ల ముంచెత్తిన వర్షధారలు వెలియగా మేఘశకలాంతరనిర్గతబాలభానుకిరణములు శస్త్రశాలాగవాక్షముల నప్పుడప్పుడే తాకుచుండెను. ఆ శాలామధ్యమున పిత్తాశయశిలాపీడితయు లేసుఅల్లికయందు చేయితిరిగినదియునగు సూరాంబ శయనించియుండ మత్తువైద్యురాలగు హైమవతి యామె చేతివెనుకనున్న సన్నని నరమున సూది నమర్చెను.

"కోతకు నేను వెఱవను తల్లీ. మేలుకొనియుండియు నోరు మెదపలేని గతి పట్టునేమోయనియే నా భయము" అని సూరాంబ పలికెను.

"అట్లు జరుగనీయను. నా మాట నమ్ముడు" అని హైమవతి నిద్రమందు నెక్కించెను.

సూరాంబ కనుఱెప్పలు వాలెను. పిలిచినను పలుకదయ్యెను. కండరములను సడలించు మందు నరమున మండునుగాన దానికి ముందు తిమ్మిరిమందు నించుక పంపుట హైమవతికి నిత్యాచారమైనను నాడు శస్త్రవైద్యుడు తొందరపెట్టుటచే నామె దానిని మఱచెను. సడలింపుమందు సోకినతోడనే నిద్రాపరవశయగు సూరాంబ చేయి నిప్పు తాకినట్లు చివుక్కున ముడుచుకొని ఱొమ్మును చేరెను.

హైమవతి యా చేతిని పట్టి చూచెను. ఈమె మేలుకొనియే యున్నదా? సడలింపుమందుచే క్షణములో ఈ చేయియు కదలజాలదు. అప్పుడు బాధ యున్నను చెప్పు దారి యుండదు. ఆమె వెంటనే నిద్రను మఱింత గాఢము గావించి నాడి పరికించి శస్త్రకార్యము ముగియువఱకు సూరాంబ మొగమునుండి చూపు మరల్పదయ్యెను.

రాళ్లు వెలికి వచ్చెను. మధ్యాహ్నమునకు సూరాంబ కన్నులు తెఱచెను.

"మీకేమైన జ్ఞప్తి యున్నదా?" అని హైమవతి తడబడుచు నడిగెను.

"నా మాట నమ్ముడంటిరి. ఇంతలో మరల పిలిచితిరి. కోత యెప్పుడు మొదలిడుదురు?"

హైమవతికి పోయిన ప్రాణము తిరిగివచ్చినట్లయ్యెను. ఆమె నవ్వుచునే కన్నులు తుడుచుకొని జరిగినదెల్ల దాచక చెప్పి తప్పు తనదేయనెను.

"నిద్దురలో దోమ కుట్టిన చేయి తానే విదుల్చుకొనదా తల్లీ? దానికి నన్ను లేపి యడుగవలెనా?" అని సూరాంబ యామె చేయి నిమిరెను.

నిద్రలో నొడలెఱుగనివారికి బాధ లేదని యెంచి యేమఱుట దయ గాదు. మఱునాడు వేఱొక రోగికడ శస్త్రవైద్యుడు మరల తొందరపెట్టగా హైమవతి చేసైగతో నాతని నిలిపి ముందు తిమ్మిరిమందు నెక్కించి పిమ్మట సడలింపుమందు విడిచెను. నిద్రించువాని చేయి యామె చేతిలో తొట్టెలోని పసిబిడ్డచేయివలె కదలక యుండెను.